మడత సీటు

సముద్రం అంటే నాకు ఇరవై నిమిషాలు. తొమ్మిదేళ్ళుగా అంతే. పొద్దున ఏడింటికి డిపోలో బస్సు బయల్దేరుతుంది, సాయంత్రం ఏడింటికి మళ్ళీ డిపోకి వస్తుంది. మధ్యలో తీరం వెంట ఐదు చోట్ల ఆగుతుంది. లైట్‌హౌస్, పడవల రేవు, చిల్లుకొండ, ఇసుక తీరం, చివర్లో గవ్వల మ్యూజియం. భోజనాలు చేసే ఇసుక తీరం తప్ప ఎక్కడా ఇరవై నిమిషాలు దాటదు. నేను ఆ బస్సులో గైడుని. మైకు పట్టుకుని "మీ ఎడమవైపు" అంటే ముప్పై ఎనిమిది తలలు ఎడమవైపు తిరుగుతాయి. ఇంట్లో ఉండేది ఒక్క తలే, అది ఏ వైపూ తిరగదు.

మనుషులు ఊళ్ళు చూసే తీరుని బట్టి ఇంట్లో ఎలా ఉంటారో చెప్పేయగలను. కొందరు దిగగానే ఫోన్ తీసి, ఫోన్లోనే సముద్రం చూసి, ఫోన్ జేబులో పెట్టుకుని ఎక్కేస్తారు. కొందరు చీటీ రాసుకొచ్చి టిక్కులు పెడతారు. కొందరికి ఎక్కడికెళ్ళినా మరుగుదొడ్డి ఎక్కడుందన్నదే ప్రశ్న. ఇంతకుముందు వెళ్ళిన చోటే బాగుందని ఇప్పుడు వెళ్ళిన చోట చెప్పేవాళ్ళు బస్సుకి ఇద్దరైనా ఉంటారు. టికెట్టు కొని మరీ నిద్రపోయేవాళ్ళంటే మాత్రం నాకు గౌరవం. వాళ్ళకి ఏం కావాలో వాళ్ళకి తెలుసు.

మా ఆయన ఏ రకమో పెళ్ళయిన నెలకే తెలిసింది. ఇద్దరం కలిసి ఒక ఊరు చూడ్డానికి వెళ్ళాం. మూడు రోజులు, పద్నాలుగు చోట్లు. జాబితా నేనే రాశాను. మొదటి రోజు పొద్దున ఓడరేవు మెట్ల దగ్గర ఆయన ఒక బల్ల మీద కూర్చున్నారు. "కాసేపు కూర్చుందాం" అన్నారు. ఆ కాసేపు మూడు రోజులు పట్టింది. నేను పద్నాలుగు చోట్లూ ఒక్కదాన్నే తిరిగి, కాళ్ళు పీక్కుపోయి వచ్చేసరికి ఆయన అదే బల్ల మీద హాయిగా ఉన్నారు. ఏదో చెప్పబోయారు. నేను వినలేదు. తిట్టాను. ఆ తర్వాత మేమిద్దరం కలిసి ఎక్కడికీ వెళ్ళలేదు. తిరిగే కాలు, తిట్టే నోరు ఊరుకోవంటారు. నాకు రెండూ ఉన్నాయి కాబట్టి గైడు ఉద్యోగంలో చేరాను.

ఆయనది కూర్చునే పని. కట్టుడుపళ్ళు తయారుచేస్తారు. దంతవైద్యులు పంపిన అచ్చుల్లో సుద్ద పోసి, మైనం మీద పన్ను తర్వాత పన్ను నిలబెట్టి, రోజంతా వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుంటారు. సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి ఆయన కనుబొమల మీద తెల్లటి పొడి ఉంటుంది. నేను చెప్పులు విప్పి, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటాను. పొద్దున్నుంచీ మాట్లాడీ మాట్లాడీ నా గొంతు పోయి ఉంటుంది. పొద్దున్నుంచీ మాట్లాడక ఆయనకి అలవాటు తప్పి ఉంటుంది. మా సంసారం అలా ప్రశాంతంగా సాగిపోతోంది.

ఆ ప్రశాంతతే నన్ను తినేస్తోంది. ఏం అడిగినా ఆయన "నీ ఇష్టం" అంటారు. గోడకి ఏ రంగు వేయిద్దాం? నీ ఇష్టం. మా చెల్లెలి ఇంటికి వెళ్ళి వారం ఉండి రానా? నీ ఇష్టం. మొగుడు ఎక్కడికీ వెళ్ళనివ్వడం లేదని మా తోటి గైడ్లు ఏడుస్తుంటే నాకు అసూయగా ఉండేది. వాళ్ళకి కనీసం అడ్డుపడే మనిషి ఉన్నాడు.

రెండు వారాల క్రితం మేనేజరు పిలిచి, నన్ను పెద్ద టూర్లకి మారుస్తానన్నాడు. ఒక్కో టూరు పన్నెండు రోజులు, నెలకి రెండు. అంటే నెలలో ఆరు రోజులు ఇంట్లో ఉంటాను. పదిహేనో తారీఖు సాయంత్రం లోపు ఔనో కాదో చెప్పమన్నాడు. నాకు వెళ్ళాలనుందా? తెలియదు. ఈ ఐదు చోట్లంటే విసుగొచ్చింది, అది మాత్రం తెలుసు. ఇంకోటి కూడా తెలుసు. ఇంట్లో చెప్తే ఆయన "నీ ఇష్టం" అంటారు. ఆ మాట ఈసారి విన్నానంటే నిజంగానే వెళ్ళిపోతాను, మనసులో కూడా వెళ్ళిపోతాను. అందుకే రెండు వారాలూ నోరు విప్పలేదు.

పద్నాలుగో తారీఖున ఆయన దగ్గర పళ్ళు సానపట్టే మోటారు కాలిపోయింది. మర్నాడు పని లేదు. "నా బస్సులో రండి" అన్నాను. ఆయన నా మొహం చూశారు. నీ ఇష్టం అనబోయి, ఎందుకో "సరే, వస్తాను" అన్నారు. రేవు దగ్గర కూర్చోబెట్టి చెప్పేద్దాం అనుకున్నాను. కూర్చోబెడితే వింటారు కదా.

బస్సు నిండిపోయింది. ముప్పై ఎనిమిది సీట్లు, ముప్పై ఎనిమిది మంది. ఇక మిగిలింది నా మడత సీటే. డ్రైవరు పక్కన, తలుపు దగ్గర, గోడకి మడిచి ఉంటుంది. కిందికి లాగితే సీటు, వదిలేస్తే టక్కున గోడకి అతుక్కుంటుంది. అది ఆయనకిచ్చి నేను మెట్టు మీద నిలబడ్డాను. మా డ్రైవర్ని అందరం బాబాయి అంటాం. బాబాయి మా ఆయన్ని ఎగాదిగా చూసి, "అల్లుడుగారా! తొమ్మిదేళ్ళకి దర్శనమిచ్చారు. ఉన్నారో లేరో అని మేం పందెం కట్టుకున్నాం" అన్నాడు.

"ఎవరు గెలిచారు?" అన్నారు మా ఆయన.

"నేను ఓడిపోయాను బాబూ" అన్నాడు బాబాయి.

నేను మైకు తీసుకుని రోజూ చెప్పేవే చెప్పాను. సీటు బెల్టు, చెత్తబుట్ట, మంచినీళ్ళు. చివర్లో రోజూ చెప్పే మాట ఒకటుంది. "ఎవరైనా తప్పిపోతే కంగారుపడి అటూ ఇటూ తిరగొద్దు. బస్సు ఎక్కడ ఆగిందో అక్కడికొచ్చి నిలబడండి. నేను లెక్క చూసుకుంటాను. మీకోసం వెనక్కి వస్తాను." ఆ మాట తొమ్మిదేళ్ళుగా చెప్తున్నాను. ఆఫీసు నియమం వేరే. బస్సు వెనక్కి తిరగదు, తప్పిపోయినవాళ్ళు వాళ్ళ దారిన వాళ్ళు రావాలి. కానీ అలా చెప్తే జనం భయపడతారని నేనే కాస్త తియ్యగా మార్చాను.

నా లెక్క ఎప్పుడూ తప్పదు. ముందునుంచి వెనక్కి రెండేసి చొప్పున ఒకసారి, వెనకనుంచి ముందుకి ఒక్కొక్కరి సీటు అంచు ముట్టుకుంటూ ఇంకోసారి. రెండుసార్లూ ముప్పై ఎనిమిది వస్తే, మడత సీటు కిందికి లాగి కూర్చుని "రైట్ బాబాయ్" అంటాను. అప్పుడు బస్సు కదులుతుంది.

లైట్‌హౌస్ దగ్గర ఆయన పైకి ఎక్కలేదు. కింద గోడ నీడలో కూర్చున్నారు. పోనీలే అనుకున్నాను. రేవు దగ్గర దిగగానే చెయ్యి పట్టుకుని చివరి బల్ల దాకా లాక్కెళ్ళాను. నాకున్నది ఇరవై నిమిషాలు.

"మీకో మాట చెప్పాలి" అన్నాను.

"చెప్పు" అన్నారు. కళ్ళు మాత్రం ఎదురుగా పడవ కడుతున్న ముసలాయన మీద ఉన్నాయి.

"మా మేనేజరు నన్ను పెద్ద..."

"ఆ తాడు చూడు. అందరూ ఒకసారి చుట్టి కట్టేస్తున్నారు. ఆయనొక్కడే రెండుసార్లు చుట్టి మళ్ళీ వదులు చేస్తున్నాడు. ఎందుకంటావ్?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ తాడు ఎన్నిసార్లు చుడితే నాకేం? "మీరు ఆ తాడే చూసుకోండి" అని లేచి వచ్చేశాను. వెనకనుంచి "ఇంకాసేపు ఉందాం" అన్నారు. నేను తిరిగి చూడలేదు.

బస్సు దగ్గర వేరే గొడవ. మూడో వరసలో కూర్చునే టీచరమ్మ కళ్ళజోడు పోయింది. రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఆవిడ. ఒక్కర్తే వచ్చింది. చిన్న నోటుబుక్కులో ఐదు గళ్ళు గీసుకుని, చూసిన చోటుకల్లా టిక్కు పెడుతోంది. కళ్ళజోడు లేకపోతే టిక్కు ఎక్కడ పడుతుందో తెలియదట. బస్సంతా వెతికాం. ఆఖరికి అది ఆవిడ నెత్తిమీదే ఉంది. ఎనిమిది నిమిషాలు ఆలస్యం. కోపం, ఎండ, పొద్దున్నుంచీ నిలబడ్డ కాళ్ళు. ముందునుంచి వెనక్కి లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది. వెనకనుంచి ముందుకి లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది. మడత సీటు గోడకి అతుక్కుని ఉంది. కిందికి లాగాను. కూర్చున్నాను. ప్రాణం లేచొచ్చింది.

"రైట్ బాబాయ్" అన్నాను.

చిల్లుకొండ దగ్గర ఇరవై నిమిషాలు. దాని చిల్లులోంచి అలలు ఎగిరిపడతాయని చెప్పాను. ఎగిరిపడ్డాయి. మళ్ళీ ముప్పై ఎనిమిది. నేను ఎవరితోనూ మాట్లాడలేదు. కోపంగా ఉన్నాను, ఆయనతో కూడా మాట్లాడడం లేదనే అనుకున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. ఆయన బస్సులో లేని గంటన్నర సేపూ నేను ఆయన మీద అలిగి కూర్చున్నాను.

ఇసుక తీరంలో అందరూ భోజనాలకి దిగారు. నేను సీట్లోనే వెనక్కి వాలాను. అప్పుడు నా కాళ్ళ దగ్గర ఉన్న సంచిలో ఫోన్ మోగింది. ఆయన ఫోన్. తీశాను. ఎవరో దంతవైద్యురాలు.

"పైవరస సెట్టు ఎప్పుడిస్తారండీ? పాపం పేషెంటు వారం నుంచి గంజి తాగుతున్నాడు" అంది.

"ఆయన ఇక్కడే ఉన్నారండీ, ఇస్తాను ఉండండి" అని పక్కకి తిరిగాను.

పక్కన గేరు రాడ్డు ఉంది. వెనక్కి తిరిగాను. ఖాళీ సీట్లు ఉన్నాయి. నేను ఏ సీట్లో కూర్చున్నానో అప్పుడు తెలిసింది.

బాబాయి దగ్గరికి పరిగెత్తాను. ఆయన అన్నం ముందు చెయ్యి ఆపి, "రేవులోనా! వెనక ఎవరి పక్కనో సర్దుకుని కూర్చున్నారేమో అనుకున్నానమ్మాయ్. నువ్వు రైట్ అన్నావుగా" అన్నాడు.

అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఫోన్ చేద్దామంటే ఆయన ఫోన్ నా చేతిలో ఉంది. రేవులో ఇంకెవరికైనా చేద్దామని నా ఫోన్ తీశాను. అందులో హోటళ్ళవాళ్ళు, టైర్లవాళ్ళు, అంబులెన్సు, అన్నీ ఉన్నాయి. రేవులో ఒక్క మనిషి నంబరు లేదు. తొమ్మిదేళ్ళుగా, దాదాపు ప్రతి రోజూ వెళ్తున్న చోటు. అక్కడ నాకు ఒక్కరి పేరు తెలియదు. ఆ రేవు ఎప్పుడు కట్టారో, ఎన్ని మెట్లున్నాయో, పడవలకి నీలంరంగే ఎందుకు వేస్తారో నిద్రలో లేపినా చెప్తాను.

మేనేజరుకి చేశాను. నవ్వాడు. "మీ ఆయన్నా? భలేవారే! సాయంత్రం అటువైపేగా రావడం, వస్తూ ఎక్కించుకోండి. బస్సు మాత్రం వెనక్కి తిప్పకండి. మ్యూజియం టికెట్లు ముందే తీసేశాం" అన్నాడు. ఫోన్ పెట్టేయబోతూ, "సాయంత్రం ఆ పెద్ద టూరు సంగతి కూడా తేల్చేయండి" అన్నాడు.

సాయంత్రం అంటే ఐదున్నర. పదకొండింటికి వదిలేసిన మనిషిని ఐదున్నరకి. ఆటో ఏదైనా దొరుకుతుందా అంటే, ఈ ముప్పై ఎనిమిది మందిని ఎవరికి వదలను? ఎంగిలి చేతుల్తో ఉన్న ఆ జనం మధ్య ఇసుకలో చతికిలపడ్డాను. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. తొమ్మిదేళ్ళ అలసట అంతా ఆ ఒక్క మధ్యాహ్నం మీదికి వచ్చి కూర్చున్నట్టుంది. ఇంతకుముందు రెండుసార్లు వేరేవాళ్ళు వేళకి రాక ఉండిపోయారు. ఒక కొత్త పెళ్ళికొడుకు ఒకసారి. అతని కొత్త పెళ్ళాం బస్సులో వెక్కివెక్కి ఏడుస్తుంటే "నియమం అమ్మా" అని మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టాను. ఆ పిల్ల ఆ నీళ్ళు తాగలేదు.

టీచరమ్మ వచ్చి నా ముందు నిలబడింది. బాబాయి చెప్పినట్టున్నాడు.

"నా కళ్ళజోడు గోలలోనా?" అంది.

"మీ తప్పేం లేదండీ. నా లెక్క సరిపోయింది."

"ముప్పై ఐదేళ్ళు పిల్లల హాజరు వేశాను. మా అబ్బాయి నా క్లాసులోనే చదివాడు. వాడి పేరు పిలవడం ఎన్నిసార్లు మర్చిపోయానో! ఎదురుగా కనిపిస్తూనే ఉన్నాడు కదా అని" అంది. నాకు చెయ్యందించి లేపింది. తర్వాత అక్కడున్నవాళ్ళందరి వైపు తిరిగి, చప్పట్లు కొట్టి, తరగతికి చెప్పినట్టు చెప్పింది. "అందరూ వినండి. గైడమ్మ వాళ్ళాయన రేవులో ఉండిపోయారు. మ్యూజియం మానేసి వెనక్కి పోదాం. ఆ గవ్వలు చచ్చి వెయ్యేళ్ళయింది, అవెక్కడికీ పోవు."

కొందరు నవ్వారు. "పెళ్ళాన్ని మర్చిపోయిన మొగుళ్ళని చూశాం గానీ!" అని ఎవరో అన్నారు. మెడలో పెద్ద కెమెరా వేసుకున్నతను మాత్రం ఒప్పుకోలేదు. "మేం ఐదు చోట్లకి వచ్చాం" అన్నాడు.

"నేనూ ఐదు గళ్ళు గీసుకున్నాను నాయనా" అంటూ టీచరమ్మ నోటుబుక్కు తెరిచి ఐదో గడి చూపించింది. "ఇదిగో, ఖాళీగా వదిలేస్తున్నాను. నువ్వూ వదిలేయ్."

అతను కెమెరాకి మూత పెట్టాడు. పొద్దున ఎక్కినప్పటి నుంచీ నిద్రలోనే ఉన్న ఒక జంట అప్పటికే బస్సెక్కి నిద్రపోతున్నారు. వాళ్ళ ఓటు కూడా మాకే అనుకున్నాం.

వెనక్కి వెళ్ళే దారిలో నేను మెట్టు మీదే నిలబడ్డాను. మడత సీటు గోడకే ఉంది. కూర్చోవడానికి మనసొప్పలేదు. ఆయన ఏం చేస్తుంటారు? పోనీ సముద్రం ముందు కూర్చుని ఉంటారు, ఆయనకి అదేగా కావాలి, నేను లేకపోతే ఇంకా హాయిగా ఉంటుంది. అలా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అలా ఊహించుకున్నకొద్దీ పాడు కోపం మళ్ళీ రావడం మొదలుపెట్టింది. తప్పు నాది, కోపం ఆయన మీద. నా బుద్ధే అంత.

మూడు దాటాక బస్సు రేవులోకి మలుపు తిరిగింది. బాబాయి గట్టిగా బ్రేకు వేశాడు.

మా బస్సు ఆగే చోట, పసుపు గీతల మధ్య, సరిగ్గా మధ్యలో ఆయన నిలబడి ఉన్నారు. నెత్తిన ఎవరిదో ఆడవాళ్ళ టోపీ ఉంది. ఆయన మొహం రోడ్డు వైపు, వీపు సముద్రం వైపు ఉన్నాయి. అక్కడినుంచి సముద్రం కనబడదు. వలలు ఆరేసే షెడ్డు అడ్డం. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే "దిగి యాభై అడుగులు నడిస్తే సముద్రం" అని రోజూ మైకులో చెప్పేది నేనే.

దిగాను. బస్సు కిటికీలన్నిట్లోనూ మొహాలు.

"ఇక్కడెందుకున్నారు?" అన్నాను. దారి పొడుగునా అనుకుంటున్న మాటలన్నీ పోయి, నోటికి అదే వచ్చింది.

"నువ్వే చెప్పావుగా పొద్దున. బస్సు ఆగినచోటే నిలబడమని. వెనక్కి వస్తానని."

"అది... అందరికీ చెప్పేది!"

"నేనూ విన్నాను కదా." ఎండకి ఆయన మొహం కందిపోయింది. గొంతు బొంగురుపోయింది. "మధ్యలో ఇంకో రెండు బస్సులొచ్చాయి. పక్కకి జరగమన్నారు. మా ఆవిడ బస్సు వస్తుంది, ఇక్కడే ఆగుతుందని చెప్పాను. వాళ్ళు చాలా తిట్టారు."

"అంతసేపూ నిలబడే ఉన్నారా? కనీసం ఆ బల్ల మీద కూర్చోవచ్చుగా! కూర్చోవడం మీకు కొత్తా?"

"బల్ల మీద కూర్చుంటే నీకు కనబడను. నువ్వు అసలే తొందర మనిషివి. చూసుకోకుండా వెళ్ళిపోతే?"

నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో తెలియదు, కొట్టడానికో, పడిపోకుండానో. "నేను మర్చిపోయానండీ. లెక్క తప్పలేదు. మిమ్మల్నే మర్చిపోయాను. నా సీట్లో నేను కూర్చుని వెళ్ళిపోయాను."

"తెలుసు. బస్సు మలుపు తిరిగేటప్పుడు అద్దంలోంచి కనబడ్డావు. కళ్ళు మూసుకుని కూర్చున్నావు. అబ్బ, ఇప్పటికి కూర్చుంది అనుకున్నాను."

అప్పుడు ఏడుపొచ్చింది. ముప్పై ఎనిమిది మంది చూస్తుండగా ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

మ్యూజియం మానేశాం కాబట్టి గంటకి పైనే మిగిలింది. అలవాటుగా మైకు తీసి "ఇరవై నిమిషాలు" అనబోయి, "గంట" అన్నాను. బాబాయి నా వంక వింతగా చూసి ఇంజను ఆపాడు. జనం దిగారు. పొద్దున ఇదే రేవుని పరుగుమీద చూసినవాళ్ళు ఇప్పుడు ఏం చూడాలో తెలియక కాసేపు బిత్తరపోయి, తర్వాత మెల్లగా ఎవరి దారిన వాళ్ళు పోయారు. కెమెరా అతను వలల షెడ్డు దగ్గర ఎవరితోనో మాటల్లో పడ్డాడు.

టిక్కెట్ల గదిలోంచి ఒకావిడ వచ్చి మా ఆయన నెత్తిమీది టోపీ తీసుకుంది. నన్ను పైకీ కిందికీ చూసి, "వచ్చావా?" అంది. ఆవిణ్ణి తొమ్మిదేళ్ళుగా అద్దం వెనక చూస్తున్నాను. ఆవిడకి కిందివరస పళ్ళు కట్టుడువనీ, అంచు గుచ్చుకుంటుంటే మూడు నెలలుగా ఒకవైపే నములుతోందనీ, మా ఆయన ఆ పసుపు గీతల మధ్యే నిలబడి గోళ్ళ ఆకురాయితో ఆ అంచు అరగదీసి ఇచ్చారనీ అప్పుడు తెలిసింది. పడవ కట్టే ముసలాయన ఆవిడ మేనమామట. ఆయనకి మధ్యాహ్నం భోజనం తెచ్చిన మనవరాలు మా ఆయనకీ సగం పెట్టిందట. సముద్రం చూడకుండా, అడుగు కదలకుండా, ఆయన నాలుగు గంటల్లో రేవంతా తిరిగొచ్చారు.

చివరి బల్ల మీద కూర్చున్నాం. ఆయన కాళ్ళు వణుకుతున్నాయి. చెప్పులు విప్పి, పాదాలు నేనే పట్టి చూశాను. బొబ్బలెక్కాయి. రోజూ నా కాళ్ళు ఉండే తీరులోనే ఉన్నాయి.

"పొద్దున ఏదో చెప్పబోయావు" అన్నారు.

చెప్పాను. పన్నెండు రోజులు, నెలకి రెండుసార్లు, సాయంత్రానికల్లా జవాబు చెప్పాలని. చెప్పి, కళ్ళు మూసుకున్నాను. ఆ రెండు మాటలూ ఎప్పుడు వినబడతాయా అని. వాటికి సిద్ధంగానే ఉన్నాను. వదిలేసి వెళ్ళిపోయినదానికి అంతకంటే ఏం దక్కుతుంది?

నీళ్ళు మెట్లకి కొట్టుకుంటున్నాయి.

"నాకిష్టం లేదు" అన్నారు.

కళ్ళు తెరిచాను. ఆయన పడవల వైపే చూస్తున్నారు. చెవులు ఎర్రగా ఉన్నాయి, ఎండకో దేనికో.

"ఏమన్నారు?"

"నువ్వు వెళ్ళడం నాకిష్టం లేదు. ఇప్పుడే రోజూ సాయంత్రం నువ్వొచ్చేదాకా కిటికీలోంచి చూస్తుంటాను. పన్నెండు రోజులు చూడలేను. వెళ్ళాలనుంటే వెళ్ళు, ఆపను. కానీ నాకిష్టం లేదు."

"కిటికీలోంచి చూస్తారా? రోజూ పని చేసుకుంటున్నారనుకున్నాను!"

"చీకటి పడ్డాక పళ్ళ రంగు తెలియదు. ఆరింటికే పని అయిపోతుంది నాకు."

పెళ్ళయి పదకొండేళ్ళు! పదకొండేళ్ళు ఈ మాట ఎక్కడ దాచారు? కోపం తన్నుకొచ్చింది. "ముందే ఏడవచ్చుగా!" అని అరిచాను. మెట్ల మీద కూర్చున్న టీచరమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వు ఎప్పుడూ బయల్దేరుతూ అడుగుతావు" అన్నారు ఆయన. "చెప్పులేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని. అప్పుడేం చెప్పను? ఈరోజే కూర్చుని అడిగావు."

ఎదురుగా ముసలాయన పడవ తాడు వదులు చేస్తున్నాడు. ఆయన ఎందుకలా కడతాడని అడిగాను. సాయంత్రానికి నీళ్ళు రెండు మెట్లు పెరుగుతాయనీ, బిగించి కడితే పడవ ఒరిగిపోతుందనీ మా ఆయన చెప్పారు. అది నా మైకులో లేని సంగతి. గంటసేపు ఆ బల్ల మీద కూర్చుని ఆ నీళ్ళు పెరగడం చూశాను. ఒక మెట్టు మునిగింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి సముద్రం కదలడం చూశాను. పన్నెండు రోజుల టూరులో కూడా ఎక్కడా ఇరవై నిమిషాలు దాటదని, మేనేజరిచ్చిన కాగితం చదివినప్పుడే చూశాను. అప్పుడు అది పట్టించుకోలేదు.

బయల్దేరేముందు లెక్కపెట్టాను. ముందునుంచి వెనక్కి ముప్పై ఎనిమిది. వెనకనుంచి ముందుకి ముప్పై ఎనిమిది. మడత సీట్లో ఆయన అప్పటికే కునుకు తీస్తున్నారు. భుజం ముట్టుకుని ముప్పై తొమ్మిది అన్నాను. ఆయన ఉలిక్కిపడి "ఆఁ" అన్నారు. వెనకనుంచి టీచరమ్మ "హాజరు పడింది, ఇక పోనియ్యవయ్యా" అని బాబాయికి చెప్పింది.

డిపోలో మేనేజరు ఎదురుగా నిలబడి ఉన్నాడు. మ్యూజియం మానేసినందుకు నాలుగు చీవాట్లు పెట్టాడు. పడ్డాను. ఆ తర్వాత పెద్ద టూరు కాగితం ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు.

"నేను వెళ్ళను సార్" అన్నాను.

"మళ్ళీ ఇలాంటి అవకాశం రాదమ్మా. ఆలోచించుకున్నారా?" నా మొహం చూసి, మా ఆడవాళ్ళందరి దగ్గరా విన్న మాటే మళ్ళీ వినడానికి సిద్ధపడి, విసుగ్గా అడిగాడు. "ఏం, ఇంట్లో వద్దన్నారా?"

"ఇష్టం లేదన్నారు సార్" అన్నాను.

మేనేజరు నిట్టూర్చి కాగితం మడిచేసుకున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతు అంత గర్వంగా ఎందుకుందో ఆయనకేం అర్థమవుతుంది. గేటు దగ్గర మా ఆయన బొబ్బల కాళ్ళతో, సంచి భుజాన వేసుకుని, ఎవరి పైవరస పళ్ళ గురించో ఫోన్లో సంజాయిషీ చెప్పుకుంటూ నిలబడి ఉన్నారు.